పుస్తకం ఇంట్లో పెట్టి రండి

కొత్త కవితా సంపుటి అచ్చయి వచ్చిందా? అయితే ప్రెస్సు నుంచి వచ్చిన కట్టలు విప్పకండి. అటక మీదికి ఎక్కించండి. ఆహ్వాన పత్రికలు కొట్టించకండి. ఫ్లెక్సీకి బయానా ఇవ్వకండి. విశాఖలోనో హైదరాబాదులోనో హాలు మాట్లాడుకుని ఉంటే వద్దని చెప్పేయండి. తునిలో ఆగే రైలేదో చూసుకుని ఎక్కండి. స్టేషన్లో దిగి, ఆటో మాట్లాడుకుని, తాండవ నది మీది వంతెన దాటండి. అవతలి ఒడ్డు పాయకరావుపేట. మీ పేరు గానీ మీ పుస్తకం పేరు గానీ ఎవరూ విని ఉండని ఊరు. ప్రచారం అక్కడ మొదలుపెట్టండి. చేతిలో పుస్తకం లేకుండా మొదలుపెట్టండి.

పుస్తకాలు అమ్మడం తెలిసినవాళ్లెవరూ ఈ సలహా ఇవ్వరు. ప్రచురణకర్తలకు చెబితే వద్దంటారు. తోటి కవులకు చెబితే జాలిపడతారు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే మన కవిత్వానికి జరుగుతున్నది చూస్తే నాకు బాధగా ఉంది. ఐదు వందల కాపీలు వేస్తాం. నాలుగు వందలు సాటి కవులకు పంచుతాం. వాళ్లూ తమవి మనకు పంచుతారు. ఎవరిదీ ఎవరూ పూర్తిగా చదవరు. తెలుగులో కవిత్వం ఎప్పుడు జనంలోకి వెళ్లినా చెవి దారినే వెళ్లింది, అచ్చు దాని వెనకాల నడిచింది. ఆ వరస మనమే తిరగేసుకున్నాం. మళ్లీ సరిచేసుకోవాలంటే కొన్నాళ్లు అందరూ తప్పనే పనులే చేయాలి.

పేటే ఎందుకని అడుగుతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, వంతెన అవతలి తుని కాకినాడ జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు కూడా ఒకటి విశాఖ జిల్లా, ఒకటి తూర్పు గోదావరి. కాగితాల మీద ఎన్ని గీతలు గీసినా జనానికి మాత్రం ఇవి కలిసిపోయిన ఊళ్లే, పొద్దున ఇటు, సాయంత్రం అటు. సాహిత్య సభలకు మాత్రం రెండు పక్కలా దూరమే. విశాఖ వంద కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కాకినాడ వాళ్లకు ఇది ఏటి అవతలి ఊరు. కవులు ఈ ఊరి పక్కనుంచే రైళ్లలో పోతుంటారు, దిగరు. అందువల్ల ఇక్కడి శ్రోతకు మన సభా మర్యాదలు అంటలేదు. నచ్చితే కూర్చుంటాడు, నచ్చకపోతే పనుందని లేచి వెళ్లిపోతాడు. అర్థం కాకపోయినా తల ఊపే అలవాటు లేదు. ఇంతకంటే మంచి శ్రోత కవికి ఎక్కడ దొరుకుతాడు?

ఇంకో కారణం కూడా ఉంది. గురజాడ అప్పారావు 1862 సెప్టెంబరు 21న పుట్టిన సర్వసిద్ధి రాయవరం ఇప్పటి పాయకరావుపేట అసెంబ్లీ నియోజకవర్గంలోనే ఉంది. అమ్మమ్మగారి ఊళ్లో పుట్టి, పెరిగిందీ పని చేసిందీ విజయనగరంలో. ఆయన 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో నాటకంగా ఆడింది. అచ్చయింది 1897లో. అంటే ఐదేళ్లపాటు అది అచ్చు ముఖం చూడకుండా మాటగా బతికింది. ఆ తర్వాత కూడా ఆయన తృప్తిపడక మొత్తం తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చాడు. మనం ఇప్పుడు నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. జనం నోట నానాక, జనం నవ్విన చోటు, నవ్వని చోటు చూశాక పుస్తకం వేయడమంటే ఏమిటో చూపించిన మనిషి పుట్టిన నేల ఇది. కొత్త కవి ఇక్కడికి రావడం మర్యాద.

సరే, ఊళ్లోకి వచ్చారు. ఇక చేయకూడని పనులు చేయడం మొదలుపెట్టాలి.

ముఖ్య అతిథిని పిలవకండి. మన ఆవిష్కరణ సభ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, సభాధ్యక్షుల తొలి పలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, పుస్తక పరిచయం చేసే ఇద్దరు, మధ్యలో శాలువాలు, జ్ఞాపికలు, ఫోటోలు. గడియారం ఎనిమిదిన్నర దాటాక, హాలు వాచ్‌మన్ తాళాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాక, కవి స్పందనకు ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ వచ్చినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడానికే చాలవు. రెండున్నర గంటల కవిత్వ సభలో ఒక్క కవిత కూడా మొదటినుంచి చివరిదాకా వినపడదు. దీన్ని మించిన అన్యాయం కవితకు నిరక్షరాస్యత కూడా చేయలేదు.

దిగంబర కవులకు ఈ తంతు మీద కోపం వచ్చింది. 1965లో మొదటి సంపుటాన్ని హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966లో రెండోదాన్ని విజయవాడలో హోటల్లో పనిచేసే జంగాల చిట్టి చేత, 1968లో మూడోదాన్ని విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె చేత. ఆ తెగువను నేను గౌరవిస్తాను. కానీ ఆవిష్కరించే చెయ్యి మారిందే తప్ప ఆవిష్కరణ మిగిలే ఉంది. రంగు కాగితం విప్పడం, పుస్తకం పైకెత్తి చూపడం అలాగే ఉన్నాయి. మీరు ఇంకో అడుగు ముందుకు వేయండి. అసలు ఆవిష్కరించకండి. రిక్షా తొక్కే మనిషికి పుస్తకం విప్పే గౌరవం ఇవ్వడం కంటే అతని పక్కన కూర్చుని కవిత వినిపించడం పెద్ద పని.

తోటి కవులను కూడా పిలవకండి. ఇది కష్టమైన సలహా, స్నేహాలు చెడతాయి. కవి మరో కవిని వింటున్నప్పుడు సగం మనసుతో తన వంతు కోసం ఎదురుచూస్తుంటాడు. మిగతా సగంతో ఈ పోలిక ఇంతకుముందు ఎవరు వాడారా అని వెతుకుతుంటాడు. ఆ చప్పట్లు మిమ్మల్ని చెడగొడతాయి. మొదటి మూడు నాలుగు పఠనాలకు ఒక్క కవి కూడా లేకుండా చూసుకోండి. ఊళ్లో సాహిత్యాభిమానులు ఎవరైనా మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తే కాఫీ తాగి మాట్లాడండి, కవిత మాత్రం వినిపించకండి.

మరి ఎవరికి వినిపించాలి?

పాయకరావుపేట నేతకు పేరున్న ఊరు. మగ్గాల ఇళ్లకు వెళ్లండి. ముందు వెళ్లి అనుమతి అడగండి. ఇంటి పెద్దను 'మావయ్యగారూ' అని పిలిచి, ఫలానా ఊరి నుంచి వచ్చానని, కవిత్వం రాస్తానని, పని ఆపక్కర్లేదని చెప్పండి. ఈ చివరి మాట ముఖ్యం. నేతగాడి పని గంటల్లో ఉండదు, గజాల్లో ఉంటుంది. మీకోసం మగ్గం ఆపించారంటే ఆ ఇంటి కూలీలోంచి మీ కవితకు కోత పెట్టినట్టే. కాబట్టి మగ్గం నడుస్తుండగానే చదవండి.

శబ్దంలో కవిత్వం వినపడదు, చదవడానికి నిశ్శబ్దం కావాలి అని అందరూ చెబుతారు. వినకండి. మగ్గం చప్పుడులో చదివి చూడండి. నాడె ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దూకుతుంది, పలక వచ్చి పేకను తడుతుంది. ఆ దెబ్బకూ దెబ్బకూ మధ్య మీ పాదం ఇమిడితే అది కవిత్వంలో ఉన్న పాదం. ఇమడకుండా సాగి సాగి మూడు దెబ్బల కింద నలిగిపోయిందంటే అందులో మీకు అక్కర్లేని మాటలున్నాయి. వచన కవితకు ఛందస్సు లేదని మనం ధైర్యంగా చెప్పుకుంటాం. ఊపిరి లేకుండా ఏ కవితా ఉండదు. ఆ ఊపిరి ఎక్కడ తెగుతోందో ఏసీ హాల్లో మైకు ముందు నిలబడితే తెలియదు, గుంట మగ్గం పక్కన అరుగు మీద కూర్చుంటే తెలుస్తుంది. పక్కన కండెలు చుట్టే అమ్మ రాట్నం ఆపకుండానే ఓసారి తల తిప్పి చూసిందంటే ఆ పాదాన్ని గుర్తుపెట్టుకోండి. అప్పుడే పెన్సిల్ తీసి రాసుకోకండి, వాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది.

వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టే వేళ పొరపాటున కూడా వెళ్లకండి. అది ఎండతో పోటీపడే పని, ఆ పనిలో ఉన్నవాళ్లను పలకరించడం కూడా తప్పే. అలాగే తాండవ సముద్రంలో కలిసే పెంటకోటకు వెళితే, పడవలు ఒడ్డుకొచ్చే వేళ దూరంగా ఉండండి. వలలు బాగుచేసుకునే వేళ కూర్చోండి. మండలంలోని తమలపాకు తోటల్లో ఆకు కోసి, పేర్చి, కట్టలు కట్టే నీడ పట్టున కూర్చుంటే మాత్రం తీరిక దొరుకుతుంది. చేతులకు పని ఉండి చెవులు ఖాళీగా ఉండే చోట్లు ఇవి. కవికి కావలసిందల్లా అలాంటి చోటే.

ఒక్క కవితే చదవండి. అదే మూడుసార్లు చదవండి.

ఈ సలహాకు అందరికంటే ముందు కవులకే కోపం వస్తుంది. సంపుటిలో అరవై కవితలుంటే పదైనా వినిపించకపోతే పుస్తకం గురించి ఎలా తెలుస్తుంది అంటారు. పది కవితలు వరసగా వినిపిస్తే ఒక్కటీ నిలవదు. ఇది శ్రోత లోపం కాదు. మొదటిసారి చదివినప్పుడు మనిషి మీ గొంతుకు అలవాటు పడతాడు. రెండోసారికి కవిత ఎటు పోతోందో తెలుస్తుంది. మూడోసారికి రాబోయే పాదం కోసం ఎదురుచూస్తాడు. కవిత్వం ఇచ్చే ఆనందంలో సగం ఆ ఎదురుచూపులోనే ఉంది. ముషాయిరాల్లో 'ముకర్రర్' అని కేకవేసి షేరును మళ్లీ మళ్లీ చదివించుకునే సంప్రదాయం ఊరికే పుట్టలేదు. మన పౌరాణిక నాటకాల్లో 'వన్స్‌మోర్' కేకలు లేకుండా రాయబారం సీను దాటదు. అవే పద్యాలు జనానికి ముందే నోటికి వచ్చు, అయినా అడుగుతారు. నోటికి వచ్చు కాబట్టే అడుగుతారు. మన వచన కవితకు మాత్రం ఆ అడిగే అవకాశమే ఇవ్వం. ఒకటి చదివి, చప్పట్లు ఆగకముందే రెండోదాని శీర్షిక చెప్పేస్తాం.

ఇక్కడ అడగడానికి మీరే చోటివ్వాలి. చదివాక కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. 'ఇంకోపాలి సదువు బాబూ' అని ఎవరైనా అంటే మీ ప్రయాణం ఫలించింది. ఎవరూ అనకపోతే మీరే మళ్లీ చదవండి. మూడోసారి తర్వాత కూడా ఎవరూ పలకలేదంటే మంచినీళ్లు అడిగి తాగి, ఊళ్లో ఇంకో చోటుకు వెళ్లి అదే కవిత చదవండి. రెండో చోట కూడా అలాగే అయితే తప్పు చోటుది కాదు.

ఏ కవిత ఎంచుకోవాలి అంటారా? మీకు బాగా నమ్మకం ఉన్నది వద్దు. పత్రికలో బహుమతి వచ్చినదీ, నలుగురు కవులు ఫోన్ చేసి మెచ్చుకున్నదీ అసలు వద్దు. అవి ఎవరికి నచ్చాలో వాళ్లకు నచ్చేశాయి. సంపుటిలో వేయాలా వద్దా అని చివరిదాకా తటపటాయించిన కవిత ఒకటి ఉంటుంది చూశారూ, మీ అమ్మ గురించో, మీ ఇంట్లో ఎవరూ పైకి చెప్పుకోని సంగతి గురించో రాసింది, దాంతో మొదలుపెట్టండి. మీరు సిగ్గుపడ్డ చోటే సాధారణంగా నిజం ఉంటుంది. దాన్ని పేటలో నేతగాళ్లు పసిగట్టినంత వేగంగా విమర్శకులు పసిగట్టలేరు.

కవితకు ముందు ఉపోద్ఘాతం చెప్పకండి. ఇది ఫలానా సందర్భంలో రాశాను, ఇందులో ఫలానా ప్రతీక ఉంది, ఈ శీర్షిక వెనక ఒక కథ ఉంది, ఇవేవీ వద్దు. సందర్భం చెబితే తప్ప నిలబడని కవిత సందర్భం చెప్పినా నిలబడదు.

భాషను సులువు చేయకండి. పల్లెకు వెళ్తున్నాం కాబట్టి తేలిక మాటలున్నవి ఏరుకుందాం అనుకోవడం శ్రోతను తక్కువ చేయడం. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాల' పద్యాలను తెల్లవార్లూ కూర్చుని విన్నది ఎవరు? సంతకం పెట్టడం రానివాళ్లు కూడా విన్నారు, రాగంతో సహా అప్పజెప్పారు. జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలను హరిశ్చంద్ర నాటకం ఆడే నటులు కాటి సీనులో కలుపుకుని పాడారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలోకి జాషువా పద్యాలు అలా వెళ్లి స్థిరపడిపోయాయి. ఆ సమాసాలు ఎవరికీ బరువనిపించలేదు. జనం కష్టమైన మాటకు భయపడరు. ప్రాణం లేని మాటకు విసుక్కుంటారు, అంతే. ఎవరైనా మీ కవితలో ఒక మాటకు అర్థం అడిగితే సంతోషించండి. వినకపోతే అడగరు కదా.

జాషువా మాట వచ్చింది కాబట్టి ఇంకో సలహా. శ్రోతల ముందు నిలబడి చదవకండి, వాళ్ల వెనక కూర్చుని చదవండి. 1915-16 ప్రాంతంలో జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మ కదులుతుంటే హాల్లో ఉండి కథనూ సంభాషణలనూ చదవడం ఆ ఉద్యోగం. జనం చూసేది తెరను, వినేది అతని గొంతును. తర్వాతి కాలంలో వేదికలెక్కి పద్యం చదివితే సభలు కదిలిపోయిన కవికి తొలి శిక్షణ అలాంటి చీకటి హాల్లో దొరికిందని నేను నమ్ముతాను. కవి ముఖం కనిపించనప్పుడు శ్రోత కవిత తప్ప ఇంకేమీ చూడలేడు. మీ జుబ్బా, మీ గడ్డం, మీ చీర అంచు, మీరు కళ్లు మూసుకునే తీరు, ఇవేవీ అతనికి అడ్డురావు. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఊరూరా తిరిగి భావకవిత్వం వినిపించిన రోజుల్లో కుర్రాళ్లు ఆయన కవిత్వంతో పాటు ఆయన గిరజాల జుట్టును కూడా అనుకరించారు. ఆయన అంతటి కవి కాబట్టి జుట్టు పోయినా కవిత్వం నిలిచింది. మనం అంత సాహసం చేయకూడదు.

మైకు వద్దని వేరే చెప్పనక్కర్లేదు. పాడటం రాకపోతే పాడకండి, వచ్చినా పాడకండి. పాట బాగుందంటే కవిత బాగుందని మీరు పొరబడతారు. మీ మామూలు గొంతుతో చదవండి. అది బొంగురుదైనా, సన్ననిదైనా, మీ యాస ఏ జిల్లాదైనా ఫర్వాలేదు. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి 'మహాప్రస్థానం'ను శ్రీశ్రీ చేతిరాతతో అచ్చువేసినప్పుడు, దానితో పాటు శ్రీశ్రీ స్వయంగా చదివిన కేసెట్ కూడా తెచ్చారు. అప్పటికి ఆ కవితలను ఆయన కంటే గంభీరంగా చదవగలిగినవాళ్లు ఆంధ్రదేశంలో వందలమంది ఉండి ఉంటారు. అయినా ఆయన గొంతే కావాలనుకున్నారు. రాసిన చోట ఊపిరి ఎలా తీసుకున్నాడో ఆ గొంతుకే తెలుసు కదా.

ఫోన్‌లో వీడియో తీయించుకోకండి, లైవ్ పెట్టకండి. మీతో వచ్చిన స్నేహితుడు ఫోన్ ఎత్తిన మరుక్షణం ఆ ఇంటివాళ్లు శ్రోతలు కావడం మానేసి మీ ఫోటోలో మనుషులైపోతారు. అలా వాళ్లను వాడుకునే హక్కు మనకు లేదు.

మీ పేరు కూడా చెప్పకండి, అడిగితే తప్ప. ఈ మాట అనడానికి నాకే మనసు ఒప్పదు, ఎందుకంటే పేరు కోసం కాకపోతే ఇంత కష్టం దేనికని కవి అనుకోవడం సహజం. కానీ కవిత జనం నోటికి ఎక్కినప్పుడు ముందు రాలిపోయేది పేరే. హరిశ్చంద్రుడి వేషగాడు పాడిన పద్యం జాషువాదని ఎంతమందికి తెలుసు? అయినా ఆ పద్యం విని ఏడ్చినవాళ్లు నిజంగానే ఏడ్చారు. నండూరి సుబ్బారావు ఎంకి పాటలను మిత్రుడు బసవరాజు అప్పారావు గొంతెత్తి పాడి పదిమందికీ వినిపించాడు. తన పాటను ఇంకొకరి గొంతుకు ఇచ్చేయగలిగిన కవికే అలాంటి వ్యాప్తి దొరుకుతుంది. పేట నేతగాడు మీ పాదాన్ని తన పక్కింటివాడికి మార్చి చెబితే సరిదిద్దకండి.

శాలువా కప్పబోతే వద్దనండి. మర్యాద తెలిసిన ఊరు, ఏదో ఒకటి పెట్టాలని చూస్తారు. టీ తాగండి, అరటిపండు ఇస్తే తీసుకోండి, అంతవరకే. పైగా అమ్ముకోవడానికి వచ్చిన మీరే అక్కడ కొనాలి. మగ్గం మీదినుంచి దిగిన చీరో, పంచో, కనీసం తువ్వాలో బేరం ఆడకుండా కొనండి. వాళ్లు మీకు చెవినిచ్చారు, అది ఉచితం అనుకోకూడదు. జిల్లాలోనే ఉన్న ఏటికొప్పాకకు వెళితే అక్కడి లక్క బొమ్మల పనివాళ్ల దగ్గరా ఇదే పద్ధతి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చేతి పనికి విలువ కట్టడం వాళ్లకు బాగా తెలుసు. మీ కవితకు వాళ్లు ఎంత విలువ కడతారో చూడండి.

పుస్తకం ఏదని అడిగితే? లేదని చెప్పండి. అటక మీద కట్టలున్నా సరే. ఇక్కడే ప్రచురణకర్తలు నన్ను క్షమించరు, అడిగినవాడికి అమ్మకపోవడం ఏమిటంటారు. అడిగిన క్షణంలో అమ్మితే ఆ మనిషి మీ మొహమాటానికి కొన్నాడా, కవితకు కొన్నాడా మీకు తెలియదు. తన మొహమాటమో కాదో అతనికీ తెలియదు. వంద రూపాయలు నేత ఇంట్లో చిన్న మొత్తం కాదు. కవిత కావాలంటే చేత్తో రాసి ఇవ్వండి. ఒక తెల్లకాగితం మీద, అందంగా, తప్పుల్లేకుండా. దాన్ని మడిచి గూట్లో పెడతాడో, గోడకు అంటిస్తాడో అతని ఇష్టం. అడిగినవాళ్ల పేరూ వీధీ ఒక నోటుబుక్కులో రాసుకోండి.

నెల పోయాక మళ్లీ రండి. కొత్త కవిత తేకండి, అదే కవిత చదవండి. ఈసారి చదివే ముందు ఒకటి అడగండి: పోయినసారి విన్నదాంట్లో ఏమైనా గుర్తుందా? ఎవరో ఒకరు ఒక పాదం చెబుతారు. తప్పుగా చెబుతారు. మాట మారి ఉంటుంది, వరస తిరగబడి ఉంటుంది, రెండు పాదాలు ఒకటైపోయి ఉంటాయి. ఆ తప్పును ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. ఇంటికి వెళ్లాక మీ పాదం పక్కన పెట్టి చూడండి. చాలాసార్లు వాళ్లదే బాగుంటుంది. జ్ఞాపకానికి అక్కర్లేని మాటను అది మోయదు, రాల్చేస్తుంది. మీరు రాల్చలేకపోయిన మాటను రాల్చి ఇచ్చారు కాబట్టి వాళ్ల పాదాన్నే ఉంచుకోండి.

ఇప్పుడు అర్థమైంది కదా, కట్టలు అటక మీద పెట్టమని ఎందుకన్నానో. మీరు అచ్చు వేయించింది ముసాయిదా. ముద్రణ చేసిన కవులందరి విషయంలోనూ ఇది నిజమని నేననను. కానీ శ్రీశ్రీ 'మహాప్రస్థానం' కవితలు ఎక్కువగా 1930లలో రాసినవి. చలం 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. పుస్తకంగా వచ్చింది 1950లో, మచిలీపట్నంలో నళినీకుమార్ చేతుల మీదుగా. అన్నేళ్లూ ఆ కవితలు పత్రికల్లో, సభల్లో, కుర్రాళ్ల నోళ్లలో తిరిగాయి. గుంటూరులో నవ్యసాహిత్య పరిషత్తు సభలో శ్రీశ్రీ 'కవితా! ఓ కవితా!' చదివితే, కవిత్వంలో ఎదుటి దారివాడైన విశ్వనాథ సత్యనారాయణ కదిలిపోయాడు. అది అప్పటికి పుస్తకంలో లేని కవిత. పుస్తకం చేతికొచ్చేసరికి కొనేవాడికి అందులో సగం కంఠతా వచ్చు. అలాంటి పుస్తకానికి ఆవిష్కరణ సభ దేనికి?

ఆలస్యం వల్ల నష్టం ఉంటుంది. దాచను. ప్రెస్సుకు కట్టిన డబ్బు వెనక్కి రాదు. ఈలోగా అవార్డుల గడువులు దాటిపోతాయి, మీతో పాటు పుస్తకం వేసినవాళ్లు రెండోది కూడా వేస్తారు, వాళ్ల ఫోటోలు పత్రికల్లో చూసి మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని అడుగుతారు. తుని రైలు ఛార్జీలు, తువ్వాళ్ల ఖర్చు పెరుగుతూ పోతాయి. కొంతమంది మీరు కవిత్వం మానేశారని అనుకుంటారు. ఇవన్నీ పడగలిగితేనే పడండి. పడలేకపోతే హాలు మాట్లాడుకోండి, నేను తప్పుపట్టను.

పడగలిగినవాళ్లకు మిగిలిన పని కొంచెమే. నోటుబుక్కులో పేర్లు లెక్కపెట్టండి. యాభై ఉంటే యాభై కాపీలే వేయండి. డిజిటల్ ముద్రణ వచ్చాక అన్ని తక్కువ కాపీలు వేయించుకోవడం ఇప్పుడు సాధ్యమే. ఎవరూ మళ్లీ చదవమని అడగని కవితలను తీసేయండి, సంపుటి పదహారు పేజీలే అయినా బెంగపడకండి. మీరే పేటకు తీసుకువెళ్లి ఒక్కొక్కరి ఇంట్లో ఇచ్చి డబ్బు తీసుకోండి. ఉచితంగా మాత్రం ఇవ్వకండి, వాళ్ల చీర మీరు ఉచితంగా తీసుకోలేదు. అటక మీది పాత కాపీల్లో రాలిపోయిన మాటలను పెన్నుతో కొట్టేసి, అవి తోటి కవులకు పంచండి. వాటిలో కొట్టివేతలు చూసి వాళ్లకు ఏదైనా తోచవచ్చు.

అప్పటికీ ఒక సభ పెట్టుకోవాలనిపిస్తే విశాఖ పౌర గ్రంథాలయంలో పెట్టుకోండి. వేదిక మీద కుర్చీలు వేయించకండి. పేట నుంచి రాగలిగినవాళ్లను పిలిచి, మీ కవితలు వాళ్లకు ఎలా గుర్తుంటే అలా చెప్పమనండి, మీరు కింద కూర్చుని వినండి. శాలువాలకు పెట్టే డబ్బులోంచి వాళ్లకు రానూపోనూ ఛార్జీలు, భోజనం, ఆ రోజు మగ్గం ఆగిపోయినందుకు కూలీ ఇవ్వండి. రాత్రి రైలుకు తుని టికెట్లు ముందే తీసి పెట్టండి, పొద్దున్నే మళ్లీ పనిలోకి వెళ్లాలి వాళ్లు.